కరెంటు పోయినప్పుడు చూడవలసినది, చెప్పవలసినది

గత వేసవిలో ఒక సంఘం సర్వసభ్య సమావేశానికి మేము హాజరైనాము. ముందు వారం చెడిపోయిన ఒక పూట పాల సంగతి చర్చకు వచ్చింది. సాయంత్రం పాలు పోసే వేళకు కరెంటు పోయింది. జనరేటరు బ్యాటరీ దిగిపోయి ఉన్నది. ఊరంతా పోయి ఉంటుంది, కాసేపటికి అదే వస్తుందని కార్యదర్శి కూర్చున్నారు. రాత్రి పది దాకా చూసి తాళం వేసుకొని ఇంటికి వెళ్లారు. తెల్లవారి ట్యాంకరు వచ్చింది. పాలు కాచి చూస్తే విరిగినవి. 900 లీటర్ల పైచిలుకు పాలు మురుగు కాలువలో పోశారు.

సమావేశంలో ఇదంతా విని, రెండు గేదెలున్న ఒక సభ్యురాలు లేచి అడిగారు: "అయ్యా, ఆ రాత్రంతా మా ఇంట్లో ఫ్యాను తిరిగిందండీ. సంఘం మా ఎదురుగానే గదా, దానికి కరెంటు లేకపోవడమేంటి?"

ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. తరువాత విచారిస్తే తేలింది ఇది: ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మూడు ఫ్యూజులలో ఒకటి మాత్రమే పోయింది. సంఘం వైపు వరుస ఇండ్లకు కరెంటు లేదు. వారిలో ఒక్కరైనా ఫిర్యాదు చేయలేదు. ఎవరో ఒకరు చెప్పి ఉంటారని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. మరునాడు ఉదయం పాలు పారబోసిన తరువాత ఒకరు ఫోను చేస్తే, లైన్‌మన్ అరగంటలో వచ్చి తీగ వేసి వెళ్లారు.

మేము విద్యుత్ ఇంజనీర్లము కాము. సహకార డిప్లొమా చదివి, లెక్కల పుస్తకాలు తనిఖీ చేసుకొనే వాళ్లము. అయినా ఆ సభ్యురాలి ప్రశ్నకు సమాధానం ప్రతి సంఘానికీ, ప్రతి సభ్యుని ఇంటికీ పనికివచ్చేది కాబట్టి, తెలిసిన లైన్‌మన్‌లను, సెక్షన్ ఆఫీసు వారిని అడిగి తెలుసుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాము.

ఎదురింట్లో ఉండి మన ఇంట్లో లేకపోవడం ఎందుకు?

మన ఊరి ట్రాన్స్‌ఫార్మరుకు 11 కె.వి. లైను మీద కరెంటు వస్తుంది. అక్కడి నుంచి ఊళ్లోకి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ తీగ బయలుదేరుతాయి. ఇండ్లకు ఈ మూడింటిలో ఏదో ఒక ఫేజు, దానితో న్యూట్రల్ కలిపి ఇస్తారు. ఆ రెండింటి మధ్య సుమారు 230 వోల్టులు ఉంటుంది. కాబట్టి ఒక ఫేజు పోతే ఊరు మొత్తం చీకటి కాదు, ఊళ్లో మూడవ వంతు ఇండ్లు మాత్రమే చీకటి అవుతాయి. ఒక్కొక్కచోట ఒక వరుస వరుసంతా పోతుంది. మరొకచోట ఒక ఇల్లు విడిచి ఒక ఇల్లు పోతుంది. పాల శీతలీకరణ యంత్రం కంప్రెసరుకు మూడు ఫేజులూ కావాలి. ఒక్కటి పోయినా అది ఆగాలి. ఆగకుండా రెండు ఫేజుల మీద నడిస్తే మోటారు చుట్ట కాలిపోతుంది. దానిని ఆపేందుకే ఫేజు ప్రివెంటరు బిగిస్తారు. పై సంఘంలో అది ఉన్నందున మోటారు దక్కింది, పాలు మాత్రం పోయినవి.

అందువల్ల కరెంటు పోగానే మొదట చేయవలసిన పని బయటికి వచ్చి చూడటం. ఒక ఇల్లు చూస్తే చాలదు. మన వరుసలో రెండు, ఎదురు వరుసలో రెండు చూడాలి. ఈ రోజుల్లో దీనిలో ఒక చిక్కున్నది. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో దీపం వెలుగుతూనే ఉంటుంది. దానిని చూసి ఊళ్లో కరెంటు ఉన్నదనుకొని, లోపం మన ఇంట్లోనే ఉన్నదని బోర్డు విప్పి కూర్చున్న వారిని మేము చూశాము. దీపాన్ని చూడక, ఆ ఇంటి వారిని పిలిచి అడగడమే మేలు. వీధి దీపాన్ని నమ్ముకోవడం కూడా సరికాదు. అది వేరే ఫేజు మీద ఉండవచ్చు.

పొలంలో పశువుల పాక ఉన్న సభ్యులకు ఇంకొక మాట. ఆ పాక వ్యవసాయ ఫీడరు మీద ఉంటే, ఊళ్లో ఇండ్లకు ఉన్నంత మాత్రాన అక్కడ ఉండదు. చాలా చోట్ల ఆ ఫీడరుకు వేళల ప్రకారమే సరఫరా ఇస్తారు. అది చెడిపోవడం కాదు. ఆ వేళలు తెలుసుకొని గడ్డి కోసే యంత్రం, నీళ్ల మోటారు పని సర్దుకోవాలి.

మన ఇంట్లోనే పోతే

చుట్టుపక్కల అందరికీ ఉండి మనకే లేకపోతే, లోపం మీటరుకు ఇవతల ఉన్నదా అవతల ఉన్నదా అన్నదే ప్రశ్న. ఇవతల ఉంటే మన ఖర్చు, మన ఎలక్ట్రీషియను. అవతల ఉంటే విద్యుత్ సంస్థ పని.

పాదాలకు పొడి చెప్పులు వేసుకొని, చేతులు తుడుచుకొని మీటరు దగ్గరికి వెళ్లండి. పాలు పితికి లేచిన తడి చేతులతో స్విచ్చి బోర్డు ముట్టుకోవడం మన ఇండ్లలో మామూలు అలవాటైపోయింది. ఎలక్ట్రానిక్ మీటరు అద్దంలో అంకెలు వెలుగుతూ ఉంటే సాధారణంగా మీటరు వరకు కరెంటు వచ్చినట్లే. మూడు ఫేజుల మీటరైతే ఒక్కొక్క ఫేజు వచ్చిందో లేదో తెలిపే గుర్తులు వేరువేరుగా ఉంటాయి. మీటరు పూర్తిగా ఆరిపోయి ఉంటే స్తంభం మీది నుంచి మీటరుకు వచ్చే సర్వీసు తీగలో గాని, స్తంభం దగ్గర గాని లోపం ఉండవచ్చు. నేల మీద నిలబడి కంటితో చూడండి. తీగ నల్లబడిందా, చివర మెరుపు వస్తున్నదా, చెట్టు కొమ్మ రాచుకొంటున్నదా అన్నంత వరకే. నిచ్చెన వేయవద్దు.

మీటరు వెలుగుతూ ఇంట్లో లేకపోతే ఎం.సి.బి. పడిపోయి ఉండవచ్చు, ఫ్యూజు పోయి ఉండవచ్చు. పడిపోయిన దానిని వెంటనే పైకి లేపి, మళ్లీ పడితే మళ్లీ లేపి, నాలుగోసారికి వేలితో నొక్కి పట్టుకొనే వారున్నారు. అది పడుతున్నదంటే లోపల ఏదో తగులుకొన్నదని అది చెబుతున్నట్లు. ముందు ఇంట్లోని స్విచ్చులన్నీ ఆపి, ప్లగ్గులు తీసివేసి, అప్పుడు లేపండి. నిలిస్తే ఒక్కొక్కటిగా వేసుకుంటూ రండి. దేనితో పడిందో దానిలోనే దోషం. మా అనుభవంలో ఎక్కువసార్లు దొరికే దొంగలు నీళ్లు కాచే హీటరు కడ్డీ, గడ్డి యంత్రం మోటారు, వానకు తడిసిన పాకలోని బల్బు హోల్డరు. ఏదీ వేయకుండానే పడుతూ ఉంటే ఎలక్ట్రీషియను వచ్చే వరకు మెయిను ఆపి ఉంచాలి.

పాత ఫ్యూజు ఉన్న ఇండ్లలో మెయిను ఆపి, కాలిపోయిన తీగకు బదులు అంతే లావు ఫ్యూజు తీగ వేయాలి. ఒక సంఘం భవనంలో సైకిలు బ్రేకు తీగ తెంపి ఫ్యూజులో చుట్టినది మేము స్వయంగా చూశాము. ఇక అది ఏనాటికీ కాలిపోదు, నిజమే. దాని బదులు గోడలోని వైరింగు కాలుతుంది.

చేతిలో నియాన్ టెస్టరు ఉన్నవారు ఒకటి గమనించవచ్చు. మామూలుగా ప్లగ్గు రెండు రంధ్రాలలో ఒకదానిలోనే టెస్టరు వెలుగుతుంది. రెండింటిలోనూ వెలిగి, దీపం మాత్రం వెలగకపోతే న్యూట్రల్ తెగి ఉండే అవకాశం ఎక్కువ. ఇది మన ఇంటి వరకే అయితే చీకటితో పోతుంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరో, వీధి లైనులోనో న్యూట్రల్ తెగితే సంగతి వేరు. కొన్ని ఇండ్లలో దీపాలు మసకబారి, కొన్ని ఇండ్లలో కళ్లు చెదిరేలా వెలుగుతాయి. ఆ ఇండ్లకు 230కి బదులు 300 దాటి కూడా వోల్టేజి వెళ్లవచ్చు. టి.వి.లు, ఫ్రిజ్‌లు ఒక్క వీధిలో డజను కాలిపోయేది ఇలాంటప్పుడే. కరెంటు ఉన్నది కదా అని చూస్తూ కూర్చోక వెంటనే మెయిను ఆపి, పక్క ఇండ్లకు కేక వేసి, అత్యవసరమని ఫోను చేయాలి.

ఒక్క మన ఇంటికే లేకపోవడానికి ఇంకొక కారణం కూడా ఉన్నది. వ్రాయక తప్పదు. బిల్లు కట్టకపోవడం. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షను ప్రకారం బకాయికి కనెక్షను తొలగించే ముందు పూర్తి పదిహేను రోజుల గడువుతో వ్రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు వచ్చి కార్యదర్శి సొరుగులో పడి ఉండగా, పాలకవర్గం వారు విద్యుత్ సిబ్బందితో తగవుకు దిగిన సంఘం ఒకటి మాకు తెలుసు.

మనం చెప్పకపోతే వారికి తెలియదు

ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా చెప్పదలచుకొన్నది ఈ భాగం. 33/11 కె.వి. సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు ముందు ఒక్కొక్క 11 కె.వి. ఫీడరుకు ఒక బ్రేకరు ఉంటుంది. ఫీడరు పడిపోతే ఆయనకు వెంటనే తెలుస్తుంది. లాగ్ పుస్తకంలో వేళ వ్రాస్తారు. కాని ఊరి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక ఫ్యూజు పోయిన సంగతి, మన స్తంభం మీద తీగ కాలిన సంగతి ఆయన ముందున్న ఏ దీపమూ చెప్పదు. ఆ ఫీడరు మీద ఉన్న మిగిలిన ఊళ్లు యథాప్రకారం కరెంటు వాడుకొంటూనే ఉంటాయి. స్మార్టు మీటర్లు బిగించిన చోట కొంత సమాచారం దానంతట అది వెళ్లే ఏర్పాటు ఉండవచ్చు. తక్కిన చోట్ల వినియోగదారుడు నోరు విప్పితేనే కబురు వెళ్లేది. పై సంఘంలో ఆ రాత్రంతా విద్యుత్ సంస్థ లెక్కలో ఆ ఊరికి సరఫరా ఉన్నట్లే.

రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఫిర్యాదుకు 1912 నంబరు ఉన్నది. 1959లో ఏర్పడిన విద్యుత్ బోర్డు 1999లో విడిపోయి, 2000లో పంపిణీ సంస్థలు వచ్చినవి. వాటి పేర్లు, హద్దులు కూడా తరువాత మారినవి. మన సభ్యులు ఈనాటికీ "బోర్డు వాళ్లు" అనే అంటారు, అనుకొంటే తప్పేమీ లేదు. సిరిసిల్ల ప్రాంతం వారికి మాత్రం 1970లో పని మొదలుపెట్టిన వారి సహకార విద్యుత్ సరఫరా సంఘమే ఉన్నది. మన వంటి సంఘమే తీగలు లాగి కరెంటు ఇస్తున్నదని చెప్పుకోవడం మాకు ఎప్పుడూ సంతోషంగా ఉంటుంది.

ఫోను చేసినప్పుడు చాలామంది "కరెంటు లేదండీ, తొందరగా పంపండి" అని పెట్టేస్తారు. అవతల ఉన్నది మన ఊరు ఎన్నడూ చూడని మనిషి. ముందుగా సర్వీసు నంబరు చెప్పాలి. అది బిల్లు మీద ఉంటుంది. తరువాత ఊరు, వీధి, దగ్గరి గుర్తు, దగ్గరి స్తంభం మీద గాని ట్రాన్స్‌ఫార్మరు మీద గాని పెయింటుతో వ్రాసి ఉన్న నంబరు. ఎన్ని గంటలకు పోయింది, మన ఒక్క ఇంటికా, వరుసకా, ఊరంతకా. పోయే ముందు శబ్దం వచ్చిందా, మెరుపు కనిపించిందా. పాల కేంద్రమైతే ఎన్ని లీటర్ల పాలు నిలిచి ఉన్నవో కూడా చెప్పండి. చెప్పినంత మాత్రాన ముందు మనకే వస్తారన్న హామీ లేదు గాని, చెప్పనిదే వారికి తెలియదు. ఫిర్యాదు నంబరు అడిగి తీసుకొని వ్రాసుకోవాలి. ఆ నంబరు లేని ఫిర్యాదు చేయని ఫిర్యాదుతో సమానం. తరువాత లైన్‌మన్‌కు, సెక్షన్ ఆఫీసుకు విడిగా చెప్పుకోండి, తప్పులేదు. అయితే లైన్‌మన్ ఒక్కరికే చెప్పి ఊరుకొంటే, ఆయన ఆ రోజు సెలవులో ఉంటే మన మాట అక్కడితో ఆగిపోతుంది.

2004లో ఉమ్మడి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి చేసిన నిబంధనలలో, మామూలు ఫ్యూజు పోతే పట్టణాలలో 4 పని గంటలలోను, గ్రామాలలో 12 పని గంటలలోను సరిచేయాలని గడువు పెట్టారు. ఆ తరువాత సవరణలు వచ్చాయి. ఇప్పటి గడువులను సెక్షన్ ఆఫీసులో అడిగి సంఘం నోటీసు బోర్డు మీద పెట్టుకోవచ్చు. గడువు దాటితే విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడ న్యాయం దొరకలేదనుకొంటే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లే హక్కు 2003 చట్టమే ఇచ్చింది. ఆ రెండు చోట్లా మొదట అడిగేది ఫిర్యాదు నంబరు, తేదీ, వేళ.

ముట్టుకోకూడనివి

ఒక మండలంలో, పాలు పోసి ఇంటికి వెళ్లిన ఇరవై ఏళ్ల కుర్రవాడు ట్రాన్స్‌ఫార్మరు ఎక్కి ఫ్యూజు వేయబోయి చనిపోయాడు. ఏ.బి. స్విచ్చి దించాడు, మూడు బ్లేడ్లలో ఒకటి విడివడలేదు, చీకట్లో అది కనబడలేదు. అంతకు ముందు పది సార్లు అలాగే వేశాడట. వాళ్ల నాన్న మన సంఘం సభ్యుడు. ఇప్పటికీ రెండు పూటలా పాలు తెస్తాడు. ఆ సంఘానికి వెళ్లినప్పుడు మేము ఆయనతో పాల వెన్న శాతం గురించి తప్ప వేరేది మాట్లాడలేము.

ట్రాన్స్‌ఫార్మరు, స్తంభం, దాని ఫ్యూజులు ముట్టుకొనే పని లైన్‌మన్‌దే. ఆయన కూడా సబ్‌స్టేషన్ నుంచి ఎల్.సి. తీసుకొని, లైను ఆపించి, ఎర్తు చేసి గాని చేయి పెట్టకూడదు. ఎవరైనా తొందరపెడితే ఆయన మీద ఒత్తిడి తేవద్దు.

తెగి పడిన తీగ చచ్చిన తీగ అనుకోవద్దు. ఎండిన నేల మీద పడినప్పుడు సబ్‌స్టేషన్‌లో బ్రేకరు పడకపోవచ్చు. పడినా, ఆపరేటరు కొద్ది నిమిషాలకు లైను మళ్లీ వేసి చూస్తారు. తీగ చుట్టూ నేలలో కూడా కరెంటు పరచుకొని ఉంటుంది. పశువు ముందు కాళ్లకు, వెనుక కాళ్లకు మధ్య దూరం ఎక్కువ కావడం వల్ల, మనిషికి జిల్లుమన్న చోట గేదె కూలిపోతుంది. గేదె పడిపోయిందని పరుగెత్తి పలుపు పట్టుకొన్న వారు కూడా పోయారు. ముందు సబ్‌స్టేషన్‌కు ఫోను, మనుషులను దూరంగా నిలపడం, లైను ఆపినట్లు సమాధానం వచ్చిన తరువాతనే గేదె దగ్గరికి వెళ్లడం. పశువు చనిపోతే కళేబరాన్ని కదపక ముందే విద్యుత్ సెక్షన్ ఆఫీసుకు, పోలీసులకు తెలిపి, పశువైద్యాధికారి చేత శవపరీక్ష చేయించి కాగితాలు దగ్గర పెట్టుకోవాలి. ఇవి లేకుండా వచ్చిన నష్టపరిహారపు దరఖాస్తులు నిలిచిపోవడం మేము చూస్తూనే ఉన్నాము.

జనరేటరు ఉన్న సంఘాలు ఒక విషయం తప్పక పరిశీలించుకోవాలి. ఛేంజ్‌ఓవర్ స్విచ్చి లేకుండా, తీగకు రెండు వైపులా ప్లగ్గు కట్టి జనరేటరు కరెంటును గోడ ప్లగ్గులోకి ఇచ్చే పద్ధతి కొన్నిచోట్ల ఉన్నది. ఆ కరెంటు మన భవనంలో ఆగదు. మీటరు దాటి, ట్రాన్స్‌ఫార్మరుకు ఎదురు ఎక్కి 11 కె.వి. అవుతుంది. లైను ఆపించామన్న ధీమాతో స్తంభం మీదున్న లైన్‌మన్‌కు అది తగులుతుంది. ఫిర్యాదు చేసి పిలిపించిన మనిషిని మనమే చంపుకొన్నట్లు అవుతుంది.

పాలు, డీజిలు, రిజిస్టరు

పొదుగు నుంచి వచ్చిన పాలు సుమారు 37 డిగ్రీల వేడి ఉంటాయి. వాటిని 4 డిగ్రీలకు దించడమే శీతల యంత్రం పని. దించే లోపల కరెంటు పోతే, ఆ వేడిలో కొన్ని రకాల సూక్ష్మజీవులు అరగంట లోపే రెట్టింపవుతాయి. అప్పటికే చల్లబడిన పాలు ట్యాంకులో ఉంటే మూత తెరవకుండా ఉంచాలి. గోడలకు వేడి చొరని పొర ఉంటుంది కాబట్టి కొన్ని గంటలు నిలుస్తాయి. వాటి మీద వెచ్చని పాలు పోస్తే రెండూ పోతాయి. కొత్త పాలను క్యానులలోనే ఉంచి, నీళ్ల తొట్టిలో పెట్టి, తడి గోనె కప్పి, ఫిర్యాదు నంబరుతో పాటు డెయిరీ వారికి కబురు చేస్తే ట్యాంకరును ముందుగా పంపే వీలుంటుంది.

కరెంటు పోయిన వేళ, వచ్చిన వేళ, ట్యాంకు ఉష్ణోగ్రత, ఫిర్యాదు నంబరు, జనరేటరు నడిచిన గంటలు, పోసిన డీజిలు ఒక రిజిస్టరులో ఏ పూటకు ఆ పూట వ్రాయాలి. నెలాఖరున ఒకే సిరాతో, ఒకే చేతివ్రాతతో నింపిన రిజిస్టరును గుర్తుపట్టడం మాకు పెద్ద పని కాదు. ఒకసారి ఒక సంఘంలో డీజిలు ఓచర్ల ప్రకారం ఒక నెలలో రోజూ మూడు గంటలు కరెంటు లేదు. సబ్‌స్టేషన్ లాగ్ పుస్తకంలో అంత లేదు. మొదట మేము కార్యదర్శినే అనుమానించాము. తీరా చూస్తే ఆయన నిజమే వ్రాశారు. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు ఆ నెలలో మాటిమాటికి పోయింది, ఫిర్యాదు నంబరు మాత్రం ఒక్కసారీ తీసుకోలేదు. నిజాయితీగా పనిచేసిన మనిషి తన డీజిలుకు తానే సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. మా తొందరపాటుకు ఆయనతో ఆ రోజే క్షమాపణ చెప్పుకొన్నాము.

మొదట చెప్పిన సంఘం వారు ఆ సమావేశంలోనే తీర్మానం చేసి, అట్ట ముక్క మీద సర్వీసు నంబరు, ట్రాన్స్‌ఫార్మరు నంబరు, 1912, సెక్షన్ ఆఫీసు ఫోను, సబ్‌స్టేషన్ ఫోను పెద్ద అక్షరాలతో వ్రాయించి మీటరు పక్కన మేకు కొట్టారు. ప్రశ్న అడిగిన సభ్యురాలు తన ఇంటికి కూడా ఒకటి వ్రాయించుకొని వెళ్లారు. వేసవి తనిఖీలకు వచ్చినప్పుడు నగదు పుస్తకం తెరవక ముందే ఆ అట్ట ఎక్కడున్నదో, జనరేటరు బ్యాటరీ పట్టుతున్నదో లేదో చూస్తాము.